మణికట్టు మీద ఎర్రరంగు

శనివారం ఉదయం సంతోషకుమారి కాఫీ కప్పుతో హాల్లోకి వచ్చి, కూతురు ఫేబీ నిన్న పూర్తిచేసిన తన చిత్తరువు ముందు నిలబడింది. మరునాడు చర్చిలో స్త్రీల సమాజం రజతోత్సవం. కెనడాలోని విండ్సర్‌లో ఆ సమాజాన్ని నెలకొల్పి, నేటికీ అధ్యక్షురాలిగా ఉన్న ఆవిడ చిత్తరువును ఆరాధన ముగిశాక ఆవిష్కరిస్తారు.

ఫేబీది ఇంప్రెషనిస్టుల పద్ధతి. దగ్గరికి వెళితే విడివిడి రంగు పూతలు. నాలుగడుగులు వెనక్కి జరిగితే తెల్ల పట్టుచీర, ముత్యాల దండ, భుజం మీద కిటికీ ఎండ. ఆవిడకు తృప్తి కలిగింది. ఆ తృప్తి మణికట్టు దాకా వచ్చి ఆగిపోయింది.

"నా చేతి మీద ఈ ఎర్ర మచ్చ ఏమిటే?"

"అది నీ చెయ్యి కాదు మమ్మీ. వర్షది. ఫేస్ ఒక్కటే నీది."

నిజమే. మొదటిరోజు గంట కూర్చునేసరికి ఆవిడకు మోకాళ్లు పట్టేశాయి. బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న కాలేజీ అమ్మాయి వర్షది తన ఒడ్డూ పొడుగే కనుక, తన చీర కట్టించి కూర్చోబెట్టమని ఆవిడే పురమాయించింది.

"అయితే చెరిపెయ్. రేపు నలుగురూ చూసేది నన్ను."

"సారీ. ఐ పెయింట్ వాట్ ఐ సీ."

"కన్నతల్లిని నవ్వులపాలు చెయ్యడమా నువ్వు నేర్చిన కళ?"

భర్త సువార్తరాజు ఫోన్‌లోంచి తలెత్తాడు. "దూరానికి పగడాల గాజులా ఉందిలే, కుమారీ."

"మీరు ఊరుకోండి!" ఆవిడ మెట్ల దగ్గరికి వెళ్లి వర్షను కేకేసింది.

పని యూనిఫాంలో పైకి వచ్చిన వర్ష బొమ్మను చూసి బిగుసుకుపోయింది.

"చేతికి దెబ్బ ఉంటే ముందే చెప్పొద్దా? చూడు, నా బొమ్మ పాడైంది!"

"కాఫీ షాపుల ఓవెన్ ట్రే తగిలింది ఆంటీ. బొమ్మకు కూర్చున్ననాటికి రెండు రోజులే అయింది." ఆ పిల్ల తల వంచుకుంది. "మీరు గాజులు తొడుగుతుంటే చెయ్యి గుంజుకున్న గదా. కదలకు, గాజులు పాడైతయన్నరు."

"నోరు లేదా నీకు?"

"రూమ్ ఖాళీ చెయ్యమంటరేమోనని భయమైంది. మళ్ల ఎక్కడ దొరుకుతది?"

సంతోషకుమారి కూతురి వైపు తిరిగింది. "నువ్వు చూశావు. చూసి, ఆ చేతిని నాలుగు రోజులు అలాగే పెట్టించి బొమ్మ వేశావా?"

ఫేబీ ముఖం కందిపోయింది. "నీకు తెలుసనుకున్నా మమ్మీ." కుంచె అందుకుంది. "చెరిపేస్తాను."

"ముట్టుకోకు! అది ఎవరి చెయ్యో రేపు నేనే చెబుతాను."

ఆవిడ వర్ష చేతిని పట్టుకుంది. ఈసారి చూసింది. కాలినచోట చర్మం ఇంకా ముడుచుకునే ఉంది.

"మీ అమ్మకు చెప్పావా?"

"లేదాంటీ. పరేషాన్ అయితది."

"ఫోన్ కలుపు."

"బిడ్డా, తిన్నవా?" అవతల వర్ష తల్లి ఎల్లమ్మ గొంతు. కాగితం చూడకుండా గంటసేపు ప్రసంగించగల సంతోషకుమారి ఒక్కో మాటా ఏరుకుంటూ మొదలుపెట్టింది.

"ఎల్లమ్మగారూ, నేను ఇంటి ఓనర్‌నండీ. మీ అమ్మాయి చెయ్యి కాలింది. ఆ పుండు మీదే... నేను గాజులు తొడిగాను."