మండె కట్టిన విత్తనం

తెల్లవారి సరోజిని పొయ్యి మీద కాఫీకి నీళ్ళు పెట్టేసరికి పెద్దిరాజు పెరట్లో వేపపుల్ల నములుతూ నిలబడి ఉన్నాడు. ఆమె కాఫీ కాచి, అన్నం వార్చి, గేదెకు కుడితి పెట్టి వచ్చింది. కొడుకు అక్కడే ఉన్నాడు. పుల్ల నోట్లో అలాగే ఉంది. దడి మీద సాలెపురుగు గూడు కడుతుంటే చూస్తున్నాడు.

"రాజూ, ముఖం..." అనబోయి, భర్త వైపు చూసి ఆగిపోయింది.

శోభనాద్రి అరుగు మీద కూర్చుని ఆయాసం తగ్గేదాకా నిదానంగా ఊపిరి తీసుకుంటున్నాడు. వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

పెద్దిరాజుకు పంతొమ్మిదేళ్ళు. చెప్పిన పని కాదనడు, ఎదురు మాట్లాడడు. కాని ఒక పని మొదలుపెడితే రెండో పని ఉందన్న సంగతే వాడికి తెలియదు. పొద్దు ఎక్కడం, వాలడం వాడికి పట్టవు. చిన్నప్పుడు బడికని బయలుదేరి, బడి వదిలిన పిల్లలకు దారిలో ఎదురయ్యేవాడు. కొట్టారు, బతిమాలారు. రోజూ చెయ్యవలసిన పనులు గోడ మీద బొగ్గుతో రాసిపెట్టారు. వాడు ఆ రాత వానకు తడవకూడదని పొద్దుగూకేదాకా గోడకు తాటాకులు కట్టాడు.

చివరికి మిగిలింది సరోజిని గొంతు ఒక్కటే. "రాజూ, స్నానం. రాజూ, అన్నం. రాజూ, ఎడ్లకు నీళ్ళు." ఆ గొంతు వెంటే వాడి రోజు నడిచేది.

ఈ ఏడు శోభనాద్రికి ఉబ్బసం ముదిరింది. బురదలోకి దిగవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. గుడివాడలో బియ్యం మిల్లు నడుపుతున్న బావమరిది భుజంగరావు, "పొలం కౌలుకిచ్చి వాణ్ణి నాకు అప్పగించు బావా, మనిషిని చేస్తాను" అన్నాడు. శోభనాద్రికి మనసొప్పలేదు. నారు పోసేదాకా ఆగమన్నాడు. ఎవరూ మధ్యలో గుర్తు చెయ్యకుండా కొడుకు తనంతట తాను నారు పోస్తే పొలం వాడి చేతికి ఇస్తాడు. లేకపోతే మిల్లుకు పంపుతాడు. అదీ ఒప్పందం.

నానిన వరి విత్తనాన్ని గోతాలకెత్తి, గడ్డి కప్పి, బరువు పెట్టి మండె కట్టారు. నిన్నటికే ముక్కు పగిలి మొలక కనబడింది. ఇక లోపల వేడి పుడుతుంది. విప్పి, తిరగేసి, నీళ్ళు చల్లుతూ ఉండాలి. ఇవాళ మధ్యాహ్నం దాటకుండా నారుమడిలో చల్లెయ్యాలి. లేకపోతే మొలక తన వేడికి తానే ఉడికిపోతుంది. దివిసీమలో ఈ సంగతి తెలియని పిల్లాడుండడు. పెద్దిరాజుకూ తెలుసు.

"మడి చదును ఒకసారి చూసుకుని వచ్చి మండె విప్పు" అన్నాడు శోభనాద్రి. "నేను అవనిగడ్డ డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. సాయంత్రం మీ మావయ్యను వెంటబెట్టుకు వస్తాను. అప్పటికి విత్తనం మడిలో ఉండాలి."

"ఉంటుంది నాన్నా."

"మీ అమ్మ చెప్పదు."

"చెప్పక్కర్లేదు. నాకు గుర్తుంది."

వాడు ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. శోభనాద్రి గుమ్మం దిగుతూ భార్యతో, "నా మీద ఒట్టు. నువ్వు నోరు మెదపకూడదు, గోతం ముట్టుకోకూడదు. నువ్వు చెప్పి చేయిస్తే వాడు చేసినట్టు కాదు" అన్నాడు.

సాయంత్రం బస్సు దిగి నడుస్తున్నంతసేపూ భుజంగరావు మాట్లాడుతూనే ఉన్నాడు.

"మా మిల్లు సైరను కూసిందంటే చచ్చినవాడు కూడా లేచి కూర్చుంటాడు బావా. అల్లుడెంత!"

"అవసరం పడదులే. వాడు చల్లేసి ఉంటాడు" అన్నాడు శోభనాద్రి.

వాకిట్లో అడుగు పెట్టగానే పులిసిన వాసన తగిలింది. మండె కట్టింది కట్టినట్టే ఉంది. పక్కనే సరోజిని నేల మీద కూర్చుని ఉంది. శోభనాద్రి గడ్డి లాగి గోతంలో చెయ్యి పెట్టి, చప్పున తీసేశాడు. వేళ్ళకు జిగురు అంటుకుంది.

"వాడేడీ?"

"మడి దగ్గర. పొద్దున వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు."

"నువ్వేం చేస్తున్నావు ఇక్కడ? నీకు ముక్కు లేదా?"

"మధ్యాహ్నానికే వాసన వచ్చింది."

"వస్తే విప్పలేకపోయావా?"

సరోజిని తలెత్తింది. "ఉబ్బసంతో తీసుకుంటున్న మనిషి, మీ మీదే ఒట్టు పెట్టి వెళ్ళారు. ఎలా తప్పమంటారు? పొలానికి పోయే పుంతబాట దాకా వెళ్ళాను. వాడు కనిపిస్తూనే ఉన్నాడు. ఒక్క కేక వేస్తే వినపడేది. కొంగు నోట్లో కుక్కుకుని వెనక్కి వచ్చాను. పుట్టినప్పటి నుంచి పిలిచినదాన్ని, ఇవాళ నోరు మూసుకున్నాను. ఇప్పుడు తృప్తి కలిగిందా మీకు?"

భుజంగరావు కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "విత్తనందేముందక్కయ్యా, పోతే కొనుక్కోవచ్చు. వాడు ఏ గట్టు మీదో గుర్రుపెడుతూ ఉంటాడు. ఇదంతా మీ గారాబం. రేపు పొద్దున్నే నాతో పంపించండి."

"నిద్రపోలేదు తమ్ముడూ. నిద్రపోయినా బాగుండేది. లేపితే లేచేవాడు."

శోభనాద్రి పొలానికి బయలుదేరాడు. దారి పొడుగునా తిట్లు కూర్చుకుంటూ నడిచాడు. గట్టెక్కేసరికి ఆయాసం వచ్చి నిలబడిపోయాడు.

ఎన్నో ఏళ్ళు నారుమళ్ళు తొక్కించినవాడు అతను. అలాంటి చదును ఎన్నడూ చూడలేదు. ఎక్కడా గడ్డ లేదు, గుంట లేదు. మురుగు పోయే కాలవలు దారం పట్టి గీసినట్టు సూటిగా ఉన్నాయి. మడి చివర పెద్దిరాజు బురదలో గొంతుక్కూర్చుని, చిన్నచిన్న మట్టిబెడ్డలు చేత్తో ఏరుతున్నాడు. అన్నం తినలేదు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

తండ్రిని చూసి వాడి ముఖం విప్పారింది. "అదేంటి నాన్నా, వచ్చేశావు? బస్సు దొరకలేదా?"

కూర్చుకున్న తిట్లు మింగి, శోభనాద్రి గట్టు అంచుకు వచ్చాడు.

"దొరికింది. వెళ్ళి వచ్చాను."

పెద్దిరాజు పడమటి వైపు చూశాడు. చేతిలోని బెడ్డ జారిపోయింది.

"విత్తనం?"

"పోయింది."

వాడు బురద చేత్తో పక్కనున్న మూలను చూపించాడు. "ఒక్క మూల మిగిలింది. అది కాగానే వద్దామనుకున్నాను. ఒక్క మూలే నాన్నా."

"తెలుసురా."

"అమ్మ అన్నానికైనా ఎందుకు పిలవలేదు? రోజూ పిలుస్తుందిగా."

"నేను వద్దన్నాను."

"ఎందుకు?"

ఆ అడగడంలో నిష్ఠూరం లేదు. వాడికి నిజంగా అర్థం కాలేదు. శోభనాద్రికి మాత్రం అప్పుడు అర్థమైంది. కుంటివాడి చంకలో కర్ర లాక్కుని, ఇప్పుడు నడిచి చూపించమన్నాడు తను. అది బుద్ధి చెప్పడమనుకున్నాడు.

"నేను మిల్లుకు వెళ్తాను" అన్నాడు పెద్దిరాజు. "మావయ్య కొడితే నేర్చుకుంటానేమో."

"కొడితే తెలుస్తుందా నీకు?"

వాడు ఆలోచించాడు. అబద్ధం చెప్పడం వాడికి రాదు. "తెలియదు" అన్నాడు.

"అయితే వద్దు. ఇంట్లోనే ఉండు. పొలం కౌలుకిచ్చేద్దాం. కౌలు చేసుకునేవాడికి ఈ మడి పనికొస్తుంది."

"మరి నేనేం చెయ్యాలి?"

"మేం చెప్పింది చేస్తూ ఉండు."

"మీరు లేనప్పుడు?"

శోభనాద్రి చెప్పులు విడిచి, డాక్టరు వద్దన్న ఆ బురదలోకి దిగాడు. తండ్రి కాళ్ళు దిగబడినచోటల్లా చదును చెదిరిపోతుంటే పెద్దిరాజు బాధగా చూశాడు.

"చీకటి పడుతోంది రాజూ. లే."

"ఈ మూల ఒక్కటీ..."

"లే నాయనా."

వాడు వెంటనే లేచాడు. కొడుకు భుజం పట్టుకుని గట్టెక్కుతూ శోభనాద్రి రెండు చోట్ల ఊపిరి కోసం ఆగాడు. ఆగినప్పుడల్లా వాడూ ఆగి, మళ్ళీ ఎప్పుడు నడవాలో చెబుతాడని తండ్రి ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు.