ఊదా రంగు ఎక్కని రోజు

"డాక్టరమ్మ కిటికీ పర్దా ఎత్తిందంటే వాళ్ల మనిషే. అక్కడే కాల్చెయ్," అన్నాడు చీఫ్, ఫైల్లోంచి తల ఎత్తకుండా.

"ఆవిడ మన ఏజెంటే కదా సార్?"

"వాళ్లూ తమ ఏజెంటే అనుకుంటున్నారు. అదే నా బెంగ."

ఏజెంట్ నైన్‌కి యాభై ఏడేళ్లు. మోకాళ్లు ఎప్పుడో రాజీనామా ఇచ్చాయి. డిపార్ట్‌మెంట్ మాత్రం అతని రాజీనామా తీసుకోవడం లేదు.

తీరం మొత్తానికి చేపపిల్లలు ఒకే హేచరీ నుంచి వెళ్తాయి. చేప మెదడు కింద ఆవగింజంత కూడా లేని పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. లార్వా దశలో అందులో ఒంట్లో ఉప్పూ నీరూ చూసుకునే హార్మోన్ కణాలు పుడతాయి. కాస్త ఎదిగాక పెరుగుదల కణాలు బలుస్తాయి. ఈడొచ్చే ముందు గుడ్ల హార్మోన్ కణాలు మేలుకుంటాయి. సరిగ్గా ఆ రోజు విదేశీ ముఠా మందు తొట్టిలో పడితే ఆ కణాలు చచ్చిపోతాయి. చేపలు పెరుగుతాయి గానీ గుడ్లు పెట్టవు. జాలర్ల నోట్లో మట్టే. ఉన్నది ఒకే సీసా, నీళ్లలో గంటకు మించి పనిచేయదు. ఆ రోజేదో హేచరీ ల్యాబ్ నడిపే డాక్టరమ్మ పర్దా ఎత్తి ముఠాకి చెప్పాలి.

నైన్ ఆ ల్యాబ్‌లో టెక్నీషియన్ వేషం వేశాడు. ఆరు నెలలు చేపపిల్లల గ్రంథుల్ని కాగితం కన్నా పలచగా కోసి, రంగులద్ది, స్లైడ్లు చేశాడు. వేషం కాస్తా చాకిరీ అయింది.

"చూడు బాబాయ్, నారింజ రంగువి పెరుగుదల కణాలు. గుడ్లవి మేలుకుంటే ఊదా రంగు ఎక్కుతాయి," అనేది డాక్టరమ్మ. అంత అందమైన మనిషి అంత ఓపిగ్గా చెబుతుంటే, ఈమెనా కాల్చాల్సింది, ఛీ ఏం ఉద్యోగం అనిపించేది.

ఆ మధ్యాహ్నం ఆమె లేచి పర్దా ఎత్తింది. కింద తొట్టి పక్కన, మేత సప్లయర్ యూనిఫాంలో ఉన్నవాడు సీసా మూత తిప్పాడు.

నైన్ పెన్ను పిస్టల్ తీసి ఆమె వీపుకి గురిపెట్టాడు. వేలు బిగుసుకుంది. పొద్దున తను కోసిన స్లైడు ఇంకా మైక్రోస్కోప్ కిందే ఉంది. వంగి ఒక కన్ను ఆనించాడు.

అంతా నారింజే. ఊదా చుక్క ఒక్కటి లేదు. ఆ రోజింకా రాలేదు! డాక్టరమ్మ కావాలనే వాళ్లకి తప్పుడు రోజు చెప్పింది. ముఠాలో ఒక్కడూ ఏనాడూ స్లైడు చూసిన పాపాన పోలేదు.

పిస్టల్ దించాడు. గార్డులు వచ్చి వాణ్ణి పట్టుకునేసరికి సీసా ఖాళీ అయింది. చంపడానికి మందుకి మేలుకున్న కణాలే దొరకలేదు.

వెనక్కి తిరిగిన డాక్టరమ్మ పిస్టల్ చూసి కుర్చీలో కూలబడింది. "అది నాకోసమేనా బాబాయ్?"

"ముందే ఓ మాట చెప్పొచ్చు కదమ్మా!"

"నువ్వెవరి మనిషివో నాకేం తెలుసు?"

ఫోన్‌లో చీఫ్ అడిగాడు. "మన మనిషేనని ఎలా తేల్చావ్?"

"స్లైడు చూశాను సార్."

"నీకు అది చదవడం ఎప్పుడొచ్చింది?"

"ఆరు నెలల్లో వచ్చేసింది సార్. ఈ గూఢచారి పనే, ముప్పై ఏళ్లైనా రాలేదు."