ఖాళీ చేసి రా

మా చెల్లెలు నోరీన్ మొగుడు డ్వేన్‌ని చూస్తేనే నాకు ఒళ్లు మండేది. బిల్లింగ్స్ ఊళ్లో కార్పెట్లు అమ్ముకునే మనిషి ఎల్క్ దుప్పుల వేటకని కొండమీది మా క్యాబిన్‌కి తుపాకీ పట్టుకుని దిగాడు. ట్రిగ్గరు కింది పిడిలో చెయ్యి దూర్చి ఆడిస్తే తూటా మారే మంచి పాత లీవర్ రైఫిల్. దానికి చేసిన సింగారం చూస్తే పెళ్లికూతురు కూడా సిగ్గుపడాలి. గొట్టం కింద టార్చి లైటు, పైన గురికి ఎర్రచుక్క అద్దం, తుపాకీ మడమకి తూటాలు గుచ్చుకునే తోలుపట్టీ, మణికట్టు దాకా చెయ్యి దూరేంత వెండిరంగు లీవరు.

"ఎక్కడ దొరికిందిరా ఇది?" అన్నాను.

"ఒక ముసలావిడ ఇంటి సామానంతా అమ్మేస్తుంటే కొన్నా వదినా. లీవరు కదలకుండా తోలుతాడుతో కట్టేసి ఉంది. తాడు తియ్యొద్దని ఒకటే గోల. కోసి పారేసి, కొత్త లీవరు వేయించా."

"ఆవిడకి బుర్ర ఉంది. నీకే లేదు."

ఆ రోజంతా కొండల్లో తిరిగాం. వాడి తుపాకీ నగల గలగలకి ఒక్క ఎల్క్ నిలబడలేదు. ఒక్క తూటా పేలలేదు. పొద్దు వాలేసరికి మంచు మొదలైంది, తిరిగొచ్చాం. నిండు తుపాకీ గడప దాటకూడదని మా నాన్న పెట్టిన నియమం. బయటే లీవరు కిందికీ పైకీ ఆడించాలి. ఆడించినప్పుడల్లా ఒక తూటా కింద పడుతుంది. అన్నీ పడ్డాకే లోపలికి.

"ఖాళీ చేసి రా," అని చలిగాలికి తలుపేసి గడియ పెట్టి, పొయ్యి మీద మాంసం పెట్టాను.

టక్... చక్. టక్... చక్.

మాంసం ఉడుకుతోంది. బయట చప్పుడు ఆగదే! ఆరు తూటాలకి ఇంతసేపా అని నవ్వుకున్నాను.

"వదినా..." తలుపు సందులోంచి గుసగుస. "ఆరే పెట్టాను. పంతొమ్మిది పడ్డాయి."

"లెక్క కూడా రాదట్రా నీకు?"

"ఇవి నావి కావు. చిలుము పట్టినవి..."

తడిమట్టి వాసన లోపలికొచ్చింది. వేళాకోళమనుకున్నాను.

"అయితే తుపాకీ అక్కడ పడేసి రా."

"లీవర్లోంచి చెయ్యి రావట్లేదు... చెయ్యి దానంతటదే... తలుపు తియ్యి వదినా."

"ఖాళీ అయ్యాకే!"

టక్... చక్. టక్... చక్. ఆగింది.

తలుపు తీశాను. మోకాలెత్తు తూటాల కుప్ప, అన్నీ పచ్చటి చిలుము. చుట్టూ మంచు కురుస్తోంది, కుప్ప మీద ఒక్క రేణువు లేదు. వాడు లేడు. తుపాకీ లేదు. వెళ్లిన అడుగులూ లేవు.

మూడు రోజులు మనుషులు కుక్కలతో వెతికారు. ఖాళీ అయ్యాకే రమ్మన్నందుకు నా నోరు పడిపోతే బాగుండు అనిపించింది. కబురు విని వచ్చిన నోరీన్ కళ్లలోకి చూడలేకపోయాను.

నాలుగో సాయంత్రం ఇద్దరం పొయ్యి దగ్గర కూర్చున్నాం. బయట... టక్, చక్.

"ఖాళీ అయింది వదినా. లోపలికి రానా?"

వాడి గొంతే.

"వద్దే!" అంటూనే ఉన్నాను. నోరీన్ ఏడుస్తూ పరిగెత్తి తలుపు బార్లా తీసింది.

"రా డ్వేన్... రా."

ఎవరూ లేరు. అరుగు మీద మంచు నలగలేదు. చాలాసేపు చూసి, తలుపు మూసి గడియ పెట్టింది.

అప్పుడు... మా వెనక, పొయ్యి పక్కన, టక్, చక్‌మంటూ చిలుము పట్టిన తూటా ఒకటి నేలమీద పడి దొర్లుకుంటూ వచ్చి నా కాలికి తగిలింది.

వెచ్చగా ఉంది.