దీక్షలో బూట్లు

"టార్గెట్ పానంతోని ఉండాలె. కోర్టు మెట్లు మాత్రం ఎక్కొద్దు," అన్నాడు హన్మండ్లు.

జగిత్యాలలో గరుడనేత్ర సెక్యూరిటీ అండ్ ఇన్వెస్టిగేషన్స్ అనే రెండు గదుల సామ్రాజ్యానికి అతను చీఫ్. సాంచాలనే మరమగ్గాలు ఆగిపోయిన సిరిసిల్ల నేతన్నలకు యూనిఫాం తొడిగి షాపుల ముందు నిలబెట్టడం ఒక వ్యాపారం. జనం వెనుక మనుషుల్ని తిప్పడం రెండోది. కాపలా కావాల్సింది దోపిడీకి గురైనవాడికి, దొరికేది మాత్రం దోచినవాడికి. ఈ సిగ్గుమాలిన పనికి ఆ ఆఫీసులో సర్వీస్ అని పేరు.

టార్గెట్ నరేశ్. దుబాయ్ మాల్‌లో సెక్యూరిటీ గార్డు ఉద్యోగమని నమ్మించి, ఒక వీసా ముఠా అతనితో ఎడారిలో మేకలు కాయించింది. ఎలాగో తప్పించుకొచ్చాడు. ఈ రోజు జగిత్యాల మేజిస్ట్రేట్ ముందు సాక్ష్యం చెబితే ముఠా జైలుకు పోతుంది. అందుకే ముఠా గరుడనేత్రకు క్లయింట్ అయింది.

ఏజెంట్ జలపతి, కోడ్‌నేమ్ కోబ్రా. వేషం కొండగట్టు అంజన్న దీక్ష. కాషాయం కట్టి, మాల వేసుకుని భిక్షకొచ్చిన స్వామిని ఏ గడపా కాదనదు. బూటు మడమలో ట్రాకర్, గుండీలో మైకు. ఫోన్ మాత్రం బ్యాకప్ ఏజెంట్ ప్రణీత దగ్గర. నల్ల కళ్ళద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్, చేతిలో ఏజెన్సీ కారు. టార్గెట్ కనబడగానే జలపతి "ప్రసాదం దొరికింది" అనాలి. ప్రణీత ఆ మాట చేరవేస్తే, కోరుట్ల దారిలో కాచుకున్న ముఠా ట్రాకర్ చుక్కను పట్టుకుని వస్తుంది.

కథలాపూర్‌లో నరేశ్ పెద్దమ్మ దేవవ్వ, స్వామి కాళ్ళు కడగడానికి చెంబుతో వచ్చి ఆగింది.

"మాలేసుకుని బూట్లేంది స్వామీ? ఇడువుండ్రి."

దీక్షలో చెప్పులు కూడా తొడగరని జలపతికి తెలియక కాదు. మడమలో గాడ్జెట్ ఉందన్న గర్వంలో మరిచాడు. చచ్చినట్టు విప్పి గడప బయట పెట్టాడు.

లోపల అన్నం వడ్డించింది నరేశే. వడ్డించి, స్వామి కాళ్ళకు మొక్కాడు.

"ఇయ్యాల కోర్టుల సాక్ష్యం జెప్పవోతున్న స్వామీ. భయమైతుంది. దీవించుండ్రి."

జలపతి ఆ తల మీద చేయి పెట్టి, గుండీ వైపు వంగి, "ప్రసాదం దొరికింది," అన్నాడు. మనిషనేవాడు ఇంతకన్నా దిగజారలేడు.

కాసేపటికి ముఠా కారు దుమ్ము రేపుకుంటూ వచ్చింది. జలపతి వాకిట్లోకి ఉరికి రెండు చేతులూ ఊపాడు. డ్రైవర్ స్వామికి భక్తిగా దండం పెట్టి, ఇల్లు దాటి పోయాడు. వెనుక కూర్చున్నవాళ్ళ కళ్ళు ఫోన్‌లోని చుక్క మీదే ఉన్నాయి. చుక్క ముందుకు పోతూనే ఉంది. గడప బయట బూట్లు లేవు.

ఏజెన్సీ కారు వచ్చి వాకిట ఆగింది. ప్రణీత దిగి కళ్ళద్దాలు తీసింది. "బూట్లను సిరిసిల్ల బస్సెక్కిచ్చిన. మా తమ్మున్ని గూడ గీ ముఠానే మస్కట్ పంపింది. మళ్ల రాలే."

ఖాళీ అయిన కోరుట్ల దారిలో ఆమె నరేశ్‌ను కోర్టుకు తీసుకుపోయింది. అతను సాక్ష్యం చెప్పాడు.

ఇక్కడ వాళ్ళ కారు కదలగానే దేవవ్వ చెంబు కింద పెట్టి, జలపతి వైపు తిరిగింది. "అంజన్న బట్టలల్ల ఉన్నవ్, గందుకే ఇడిసిపెడుతున్న. నడువు."

కాలుతున్న తారురోడ్డు మీద కోబ్రా జగిత్యాలకు నడక మొదలుపెట్టాడు. ఎదురైనవాళ్ళంతా దండం పెడుతున్నారు. దీక్ష నియమాల్లో ఒక్కటైనా అతను ఆ రోజు తప్పకుండా పాటించాడు.