బొమ్మ వెనక మాట

"వెబ్‌సైట్‌కి కావలసినవి మూడే," అంది టీచరమ్మ బోర్డు మీద మనిషి బొమ్మ గీస్తూ. "హెచ్‌టీఎంఎల్ ఎముకలు. సీఎస్ఎస్ బట్టలు. జావాస్క్రిప్ట్ కండరాలు."

వెనక బల్లలో వడ్రంగికి నవ్వొచ్చింది. ఆపుకుందామనుకున్నాడు కానీ, అది అప్పటికే గది దాటిపోయింది.

"ఏమైందండీ?"

"ఏం లేదండి. ఎముకలకి బట్టలు తొడిగితే పొలంలో దిష్టిబొమ్మ అవుతుంది కదా అని."

సాయంత్రపు క్లాసంతా ఘొల్లుమంది. టీచరమ్మ చెవులు ఎర్రబడ్డాయి.

"అయితే మీరే చెప్పండి."

"తలుపులు చేసుకునేవాణ్ణి, నాకేం తెలుసండీ. ముందు చట్రం. అది వంకరపోతే ఎన్ని రంగులేసినా వంకర తలుపే. మీ మొదటిది అదనుకుంటా. తర్వాత చిత్రిక, పాలిషు. ఆఖర్న బందులు, గడియ. అవి లేకపోతే ఎంత అందమైన తలుపైనా తెరుచుకోదు. అదే మీ మూడోది."

ఆమె బోర్డు వైపు తిరిగింది. ఎముకలు తుడిచేసి, తలుపు గీసింది.

"రేపట్నుంచి ముందు బల్లలో కూర్చోండి."

"శిక్షా, మర్యాదాండీ?"

"ఇంకా తేల్చుకోలేదు."

తలుపులతో పాటు తను చేసే కుర్చీలు అమ్మడానికి ఒక పేజీ చేసుకోవాలని వచ్చాడతను. మొదటిసారి కోణపు గుర్తుల మధ్య శీర్షిక రాసి మీట నొక్కినప్పుడు, 'చేతి కుర్చీలు' అని తెర మీద పెద్ద అక్షరాల్లో కనబడింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయాడు. చెక్క ఆరడానికే నెలలు పడుతుంది. ఇక్కడ రెప్పపాటు. కంటికి కనబడని చట్రం మీద కంటికి కనబడేదంతా నిలబడి ఉంది. సృష్టి కూడా ఇలాంటిదేనా అనిపించి, ఆ మాట ఎవరినీ అడగలేక నీళ్ళు తాగాడు.

కుర్చీల ఫొటోలకి టీచరమ్మ అతని పని షెడ్డుకి వచ్చింది. కొలత తెలియడానికి ఎవరో ఒకరు కూర్చోవాలంటే, తనే ఒక కుర్చీలో కూర్చుంది.

"బొమ్మ పెట్టేచోట ఆల్ట్ అని ఉంటుంది. బొమ్మలో ఏముందో అక్కడ మాటల్లో రాయాలి. బొమ్మ రాకపోతే ఆ మాటలు కనిపిస్తాయి," అంది.

తర్వాత ఇంకేదో కూడా చెప్పింది. సరిగ్గా అప్పుడే ఆమె చెవి వెనక చెక్కపొట్టు ఒకటి చిక్కుకుంది. అతని చెవులు పనిచేయడం మానేశాయి.

శనివారంతో క్లాసులు ఆఖరు. ఆ పైన ఆమెను కలవడానికి సాకు లేదు. చెబుదామంటే నోరు పెగలదు. పేజీ ఆమె దిద్ది ఇచ్చేశాక, బొమ్మ చక్కగా వస్తోందని పదిసార్లు చూసుకుని, దాని వెనక ఆల్ట్‌లో తన మాట దాచుకున్నాడు. బొమ్మ ఉన్నంతకాలం బయటపడదు కదా అని ధైర్యం.

శనివారం ఆమె అంది, "మా నాన్నగారు మీ పేజీ వింటానంటున్నారు. ఇంటికి రండి."

"చూస్తారు కదండీ?"

"వింటారు."

ఒకప్పుడు గడియారాలు బాగుచేసిన మనిషి ఆయన. ఎనిమిదేళ్ళ కిందట చూపు పోయింది. కిటికీ పక్కన కూర్చుని ఫోను మీద వేలు జరిపారు. ఫోను చదవడం మొదలుపెట్టింది.

"శీర్షిక. చేతి కుర్చీలు. లింకు. మా చిరునామా. బొమ్మ."

చూపు లేనివాళ్ళకి బొమ్మ బదులు ఆల్ట్‌లోని మాటలే ఫోను చదువుతుందని వడ్రంగికి అప్పుడు అర్థమైంది. ఆరోజు వినని సగం పాఠం ఇదే. లేవబోయాడు. 

ఫోను ఏ భావమూ లేని గొంతుతో చదువుకుపోయింది.

"కుర్చీలో టీచరమ్మ. నవ్వు ఆపుకుంటే ఎడమ బుగ్గన చిన్న సొట్ట పడుతుంది. చెవి దగ్గర ఒకే ఒక్క తెల్లవెంట్రుక, తనకింకా తెలియదనుకుంటాను. తప్పు చేసినవాడి మాట ముందు విని, తర్వాత దిద్దే కళ్ళు. ఈ కుర్చీ అమ్మకానికి కాదు. ఆమె ఎప్పటికైనా మా ఇంట్లో కూర్చుంటే, ఇందులోనే కూర్చోవాలి."

 పెద్దాయన వేలు వెనక్కి జరిగింది. ఫోను మళ్ళీ మొదటినుంచి చదివింది.

"బాబూ, ఆ సొట్ట ఇంకా ఉందా?"

"ఉందండి."

"తెల్లవెంట్రుకో?"

"ఒక్కటేనండి."

"నా చూపు పోయేనాటికి దీనికి పంతొమ్మిదేళ్ళు. ఎలా ఉన్నావే అంటే, అలాగే ఉన్నా నాన్నా అంటుంది. ఇన్నేళ్ళలో ఒక్కరూ చెప్పలేదు." ఆయన నల్లద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నారు.

కళ్ళిచ్చేవాడూ తీసుకునేవాడూ ఒక్కడే అంటారు. మరి తీసుకున్నదాన్ని ఇలా మాటల్లో మూటగట్టి, ఏ షెడ్డులోంచో తిరిగి పంపేదెవరు?

"తప్పయిపోయిందండి," అన్నాడు వడ్రంగి తలవంచుకుని. "బొమ్మ వస్తే ఆ మాటలు ఎవరికీ తెలియవనుకున్నాను. ఇప్పుడే తీసేస్తాను."

"తీసేయడానికి మీరెవరు?" గుమ్మంలోంచి టీచరమ్మ అంది. "దిద్దాక మళ్ళీ ఓసారి చూసుకోవడం నాకలవాటు. గురువారమే చదివాను."

"గురువారమే... మరి చెప్పలేదేమండీ?"

"ఏం చెప్పను? మీకేమో బొమ్మ వెనక చోటు దొరికింది. నాకెక్కడ దొరుకుతుంది? అందుకే నాన్నకి వినిపించాను." ఎడమ బుగ్గన సొట్ట పడింది. "అయినా వెంట్రుక సంగతి లోకమంతటికీ చాటాలా?"

పెద్దాయన గొంతు సవరించుకున్నారు.

"ఆ కుర్చీకి జత ఉందా?"

"లేదండి. ఒక్కటే చేశాను."

"ఇంకొకటి చెయ్యి. అల్లుడి ఇంటికి వస్తే మామగారు నిలబడే ఉండాలా?"

ఇద్దరూ తలలు దించుకున్నారు. జవాబు కోసం ఆయన ఆగలేదు. ఆయన వేలు మళ్ళీ జరిగింది. ఫోను మూడోసారి, అదే గొంతుతో, ఆయనకి కూతురి నవ్వు చదివి వినిపించింది.