ఊక తినని బాయిలరు

2024 జూన్ 11, మంగళవారం. ఆర్మూరులో పొద్దున సన్నజల్లు పడింది. మధ్యాహ్నానికి ఆగి, గాలి ఆడని ఉక్క మొదలైంది.

పసుపు కమీషన్ దుకాణంలో గడించిన నారాయణ శేటు, ముసలితనంలో మోర్తాడ్ దారిన మక్కజొన్నలతో ఇథనాల్ తీసే ప్లాంటు పెట్టాడు. పసుపు గుణం కొమ్ము విరిస్తే తెలిసిపోతుంది. బాయిలరుకు ఆ సుఖం లేదు, అది తినే ఊకను బట్టే దాని మంచిచెడ్డలు. అందుకే కొడుకులిద్దరికీ పందెం పెట్టాడు: ఊక తగ్గించినవాడిదే ప్లాంటు.

ఆ పూట ముసలాయన చూడటానికి వస్తున్నాడు. పెద్దకొడుకు ప్రహ్లాద్ బాయిలరును పూర్తిగా చల్లారనివ్వలేదు. చల్లారితే, మళ్లీ వేడెక్కించడానికి బండెడు ఊక దండగ. వెచ్చగా ఉండగానే కూలీ సాలోమోను, గోడలకు గట్టిపడిన బూడిద కిట్టం గోకడానికి లోపలికి దూరాడు. దూరేవాడు తన తువ్వాల తలుపు పిడికి కట్టి పోవాలి, లోపల మనిషున్నాడని గుర్తుగా; అది అక్కడి కట్టుబాటు. అటుగా వచ్చిన ప్రహ్లాద్ ఆ తువ్వాల విప్పి, చెమట తుడుచుకుని, భుజాన వేసుకుని మరిచాడు.

అన్నం తిని వచ్చిన ఆపరేటర్ భీమ్‌రావుకు పిడి మీద తువ్వాల కనిపించలేదు. తలుపు బిగించి మంట పెట్టాడు.

కాసేపటికి లోపలి నుంచి చప్పుడు. టక్... టక్...

"శేటు, లోపల ఎవరో కొడుతున్నరు."

ప్రహ్లాద్ చెయ్యి భుజం మీది తువ్వాలకు తగిలింది. బయట తండ్రి కారు హారన్ మోగింది. తలుపు తీస్తే వేడంతా పోతుంది.

"పైపులు గట్లనే కొట్టుకుంటయి. ఊక ఎయ్యి."

"సాలోమోను ఏడి మరి?"

"ఇంటికి పోయిండు. బాపు ముంగట నన్ను బద్నాం చెయ్యకు."

చప్పుడు ఆగింది. జుట్టు కాలిన వాసన వచ్చి, పోయింది. ముసలాయన ఆవిరి చూసి, కొడుకు వీపు తట్టి వెళ్లాడు. భీమ్‌రావు ఊక ఆపి, చెప్పకుండానే వెళ్లిపోయాడు.

మునిమాపు. మంట ఆరింది. బూడిద నల్లబడింది.

ఆవిరి మీటరు ముల్లు మాత్రం దిగలేదు.

ప్రహ్లాద్ తలుపుకు చెవి ఆనించాడు. లోపలి నుంచి సాలోమోను గొంతు...

"సరిపోయిందా శేటు... ఇంకొంచెం ఇయ్యాల్నా?"

పారిపోవచ్చు. తలుపు తీయవచ్చు.

"ఇంకొంచెం," అన్నాడు ప్రహ్లాద్.

ముల్లు లేచింది.

ఆ రోజు నుంచి బాయిలరుకు ఊక అక్కర్లేకపోయింది. దీపావళి దాటగానే నారాయణ శేటు పోయాడు. ప్లాంటు ప్రహ్లాద్‌కు, పసుపు దుకాణం తమ్ముడు జగన్‌కు వచ్చాయి. సాలోమోను దుబాయి పోయాడని అతని పెళ్లాం రత్నవ్వకు చెప్పారు. ఆమెకు ఏమీ రాలేదు.

పోయిన నెల ముల్లు దిగింది. ప్రహ్లాద్ చాలాసేపు ఆ తలుపుకు చెవి ఆనించి నిలబడ్డాడు. తర్వాత, పని ఇస్తానని, రత్నవ్వ తమ్ముడు యాకోబు కోసం ఏర్గట్లకు జీపు పంపాడు. ఆమెకు తమ్ముడున్నాడని అప్పటిదాకా ఆ ప్లాంటులో బతికున్నవాళ్లెవరికీ తెలియదు.