హోస్టింగ్ ఉచితం

2019 నవంబర్ 14, గురువారం. పొద్దుటి నుంచి సన్నటి తుంపర. గాలి లేదు. మధ్యాహ్నానికి పొగమంచు దిగి ఎదురింటి గేటు కూడా కనిపించకుండా పోయింది. ఉతికిన బట్టలు ఆరక ఇల్లంతా ముక్కిన వాసన. మా అల్లుడు పోయి అప్పటికి మూడు వారాలు.

ఈ సంగతి ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కారణం కోపం. కోపంలో నాకు అక్షరం కుదరదు. ఇప్పటికీ కోపం తగ్గలేదు గానీ చేయి కాస్త మాట వింటోంది.

అల్లుడు వెబ్‌సైట్లు తయారుచేసేవాడు. ఒకరి దగ్గర ఉద్యోగం కాదు, సొంత పని. మా మేడ మీద గదే ఆఫీసు. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. మా కాలంలో ట్రంకు కాల్ చేస్తే, గడువు కాగానే ఆపరేటరమ్మ మధ్యలో దూరి "టైమయిందండీ" అనేది. ఎంత పెద్దమనిషైనా నోరు మూసుకుని ఫోన్ పెట్టేసేవాడు. మాటకు ఖరీదు ఉండేది. ఒకసారి ఒక మంత్రిగారు... సరే, అది ఇంకోసారి.

హోస్టింగ్ అంటే ఏమిటో నాకు చెప్పింది అల్లుడే. "వెబ్‌సైట్ దుకాణం అనుకోండి మామయ్యా. హోస్టింగ్ దాని కింద నేల. ఎక్కడో పెద్ద కంప్యూటర్లో కాస్త చోటు, ఏడాదికి ఇంతని అద్దె."

"ఆ అద్దె ఎవరు కడతారు?"

"నేనే. డిజైన్‌కి డబ్బులిచ్చాక మళ్ళీ అద్దె అంటే మొహం చిట్లిస్తారు. పోనీలే అని అందులోనే కలిపేశాను."

అలా అందరి దుకాణాలూ ఒకే ఖాతా కింద, తన పేరు మీద, తన కార్డు మీద పెట్టుకున్నాడు. మంచితనం. ఆ మాట వింటే నాకిప్పుడు ఒళ్ళు మండుతుంది.

అతనితో కలిసి చదువుకున్న అమ్మాయి ఒకతె ఇదే పని చేసేది. ధర చెప్పాక ఇంచు కూడా జరగదని అందరూ ఆమెని మొండి అనేవారు. తనూ ఆ పేరుకే పలికేది. మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడల్లా వాణ్ణి దులిపేసేది.

"సైట్ కట్టడం ఒక పని, నిలబెట్టడం ఇంకో పని. రెండోదానికి ఏడాదికి ఇంతని వేరే ధర చెప్పరా. చెప్పలేకపోతే వాళ్ళ పేరు మీదే చోటు కొనిపించి, తాళాలు వాళ్ళ చేతిలో పెట్టు."

"చిన్న మొత్తమే కదే."

"నేల అద్దె చిన్నదే. నువ్వు ఫోన్ ఎత్తడం చిన్నదా? సైట్ ఆగినా నీకే, అక్షరం తప్పినా నీకే. నువ్వు అసలు అమ్ముతున్నది అది. దానికి ధరా లేదు, గడువూ లేదు. ఎప్పటిదాకా ఎత్తుతావో ఎక్కడైనా రాశావా?"

"చచ్చేదాకా ఎత్తుతాలే తల్లీ, భోంచెయ్యనీ."

అందరం నవ్వాం. నేనే ఎక్కువ నవ్వాను.

ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే పోయాడు. ఆ కుర్చీలోనే, గుండెపోటు. మా అమ్మాయి పరిగెత్తుకెళ్ళేసరికి ఫోన్లో అవతలి మనిషి ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడట. ఏదో రంగు ముదురుగా ఉంది, మార్చమని.

మొండి ఏడుస్తూనే కంప్యూటర్ తన ఇంటికి పట్టుకెళ్ళింది. దుకాణదారులందరికీ కబురు పెట్టింది. ఫలానా తేదీలోగా మీ సైట్ మీ పేరుకు మార్చుకోండి, లేదా ఏడాదికి ఇంతిస్తే నేను చూసుకుంటాను, రెండూ వద్దంటే ఆ తేదీ దాటాక తీసేస్తాను. చాలామంది మర్యాదగా ఏదో ఒకటి తేల్చుకున్నారు. అల్లుడి ఫోన్ ఆపేసి మేడ గదిలో సొరుగులో పెట్టాం. గదికి తాళం వేసి తాళంచెవి నా చొక్కా జేబులో వేసుకున్నాను.

ఆ గురువారం మధ్యాహ్నం మా ఇంటి ఫోన్ మోగింది. సోఫాలమ్మే దుకాణం ఆసామి.

"సార్, మీ అల్లుడుగారికి చెప్పండి. దుకాణం వేళలు మార్చారు, బాగుంది. అక్షరాలే చిన్నవైపోయాయి."

"ఆయన పోయాడండీ. మీకు కబురు చేశారుగా."

"అవునవును, చేశారు. పాపం. కాస్త పెద్దవి చెయ్యమనండి. ఐదు నిమిషాల పనే."

"ఆ వేళలు ఎప్పుడు మార్చారు?"

"నిన్న సాయంత్రం. ఫోన్ చేస్తే ఎత్తారుగా. గొంతు దూరంగా వినబడింది. సిగ్నల్ లేదేమో."

వంటింట్లోకి వెళ్ళాను. అమ్మాయి కూరలు తరగడం ఆపి కిటికీలోకి చూస్తోంది. కుడిచేతి వేళ్ళు గట్టు మీద టకటకా ఆడుతున్నాయి.

"మేడ మీదికి వెళ్ళావామ్మా?"

"తాళంచెవి నీ దగ్గరే ఉందిగా నాన్నా." వేళ్ళు ఆగలేదు. తను వాటిని చూడనూ లేదు.

గొడుగు తీసుకుని సోఫాల దుకాణానికి నడిచాను. లోపల కొత్త తోలు వాసన, జిగురు వాసన. కూర్చోమని కూడా అనలేదు. అన్ని సోఫాలుండి!

"మీ సైట్ మీ పేరుకు మార్చుకోండి. అందులో మీకు పోయేదేముంది?"

"నేనెందుకు మార్చుకోవాలి మాస్టారూ? అన్నీ కలిపి అప్పుడే ఇచ్చేశాను."

"ఎన్నేళ్ళకి ఇచ్చారు?"

"ఏళ్ళ లెక్కేం చెప్పలేదే. ఆయనే చూసుకుంటానన్నారు."

"చూసుకునే మనిషి లేడు!"

ఆయన జాలిగా నవ్వాడు. నేనేదో మతి తప్పినవాణ్ణి అయినట్టు. "లేకపోతే నా సైట్ ఎలా నడుస్తోంది సార్? నిన్న నాతో మాట్లాడింది ఎవరు?"

ఆ మనిషికి భయం లేదు. నన్ను వణికించింది అదే. చచ్చినవాడు ఫోన్ ఎత్తాడని తెలిసి కూడా, అక్షరాలు పెద్దవి చెయ్యమంటున్నాడు.

ఇంటికొచ్చేసరికి సంధ్యవేళ దాటుతోంది. పొగమంచు గుమ్మందాకా వచ్చి ఆగింది. లైటు వెయ్యలేదు. వంటింట్లో ఎవరూ లేరు.

మేడ మీద చప్పుడు.

టక... టకటక... టక.

నా మోకాళ్ళకి ఆ మెట్లంటే పడదు. మధ్యలో ఒకసారి ఆగడం అలవాటు. ఆ రోజు ఆగలేదు. పైకి వెళుతున్న కొద్దీ ఒక వాసన. వేడెక్కిన దుమ్ము వాసన. రోజంతా కంప్యూటర్ పనిచేస్తే ఆ గదిలో వచ్చేదే. కంప్యూటర్ ఆ గదిలో లేదు. మొండి ఇంట్లో ఉంది.

జేబు తడుముకున్నాను. తాళంచెవి ఉంది.

తలుపు తెరిచి ఉంది.

లోపల చీకటి. కుర్చీలో అమ్మాయి. ముందున్న బల్ల ఖాళీ. ఆ ఖాళీ బల్ల మీద రెండు చేతులూ ఆడుతున్నాయి... వేగంగా... ఆగకుండా. తల పక్కకి వంచి, భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుంది. అల్లుడు అలాగే పెట్టుకునేవాడు.

"చేస్తానండీ... అయిపోవచ్చిందండీ..."

గొంతు తనదే. మాటలు తనవి కావు.

"అమ్మా."

"ఉండు నాన్నా... ఐదు నిమిషాలు..."

భుజం మీద చెయ్యి వేశాను. మంచులా చల్లగా ఉంది. బల్ల మాత్రం కాలుతోంది. అప్పుడు చూశాను, తన వేళ్ళు. గోళ్ళు చిట్లిపోయాయి. చెక్క మీద సన్నగా నెత్తురు చారలు. అయినా ఆడుతూనే ఉన్నాయి.

ఫోన్ లాక్కున్నాను. దాని అద్దం నల్లగా ఉంది. ఆపేసిన ఫోన్ ఆపేసినట్టే ఉంది. చెవి దగ్గర పెట్టుకున్నాను.

ఉద్యోగమంతా లైన్లు విన్న చెవులు ఇవి. తెగిపోయిన లైన్ నిశ్శబ్దం ఒక రకం. అవతల మనిషి ఉండీ మాట్లాడకపోతే ఆ నిశ్శబ్దం ఇంకో రకం. ఇలాంటిది నేనెప్పుడూ వినలేదు. ఎంతో లోతు. ఆ లోతులో ఎక్కడో సోఫాల ఆసామి గొంతు, తీరుబడిగా. "హలో... ఉన్నారా? ఇంకొక్కటి ఉందండీ..."

దానికి ఇవతల, నా చెవి పక్కనే...

"మామయ్యా..."

ఫోన్ చెవికి అదుముకున్నాను.

"చెప్పు నాయనా."

"అలసిపోయాను... పెట్టేయొచ్చా?"

చచ్చినవాడు నన్ను అనుమతి అడుగుతున్నాడు. అంత మర్యాద నేర్పిన వాళ్ళందరి మీదా నాకు వచ్చిన కోపం ఇప్పటికీ గొంతులో ఉంది.

"పెట్టేయ్! ఎవడికీ నువ్వు బాకీ లేవు! ఒరేయ్ సోఫాలవాడా, సిగ్గులేదురా నీకు! పెట్టేయ్ నాయనా, పెట్టేయ్!"

అమ్మాయి చేతులు ఆగలేదు. ఒంటిచేత్తో తనని వెనక్కి పట్టుకుని, నా జేబులోని ఫోన్ తీసి మొండికి చేశాను.

"సోఫావాడి సైట్ తీసెయ్. ఇప్పుడే."

"ఏమైంది అంకుల్? ఆ చప్పుడేంటి?"

"తీసెయ్యమ్మా!"

"గడువు మొన్ననే దాటింది. ముసలాయనని జాలిపడి ఉంచాను... ఆగండి... తీసేస్తున్నాను. మొత్తం ఖాతానే మూసేస్తున్నాను."

టకటక... టక...

ఆగింది.

అమ్మాయి నా మీదికి ఒరిగిపోయింది. కిందికి ఎలా దించానో తెలియదు. పొద్దున్న లేచి చేతులు చూసుకుని "ఇదేంటి నాన్నా?" అంది. తలుపు సందులో నలిగాయని చెప్పాను. నమ్మినట్టే తలూపింది.

ఇక ఎవరికి ఏం దక్కిందో చెప్పి ముగిస్తాను.

అమ్మాయికి అల్లుడి గడియారం, పుస్తకాలు, బ్యాంకులో ఉన్న కాస్తా వచ్చాయి. ఫోన్ మోగని ఉద్యోగం కావాలని ఒక లైబ్రరీలో చేరింది. గోళ్ళు వచ్చాయి, ఒక వేలికి తప్ప. మంచి దుకాణదారులు మొండికి దక్కారు. ఏడాదికి ఇంత, పలికే వేళలు ఇవి, తను పోతే బాధ్యత ఫలానా వాళ్ళది, అన్నీ ముందే రాయించుకుంది. ఎవరూ మొహం చిట్లించలేదు. అడిగితే ఇచ్చేవాళ్ళేనన్నమాట. అది తలుచుకుంటే మళ్ళీ కోపం. నాకు కుర్చీ మిగిలింది. వీధిలో పడేశాను. చెత్తబండివాళ్ళు మాత్రం దాన్ని ముట్టుకోవడం లేదు.

అల్లుడికి ఏమీ దక్కలేదు. సెలవు కూడా.

ఎందుకంటే నెల తిరక్కుండానే సోఫాల ఆసామి ఫోన్ చేశాడు. కోప్పడతాడనుకున్నాను. చాలా సంతోషంగా ఉన్నాడు.

"ఆ రోజు మీరు ఊరికే ఆవేశపడ్డారు సార్. సైట్ బ్రహ్మాండంగా నడుస్తోంది. పిలిస్తే పలుకుతాడు. మంచివాడు."

మొండిని చూడమన్నాను. చాలాసేపు వెతికి మెల్లగా చెప్పింది. "తెరుచుకుంటోంది అంకుల్. కానీ అది ఏ కంప్యూటర్లోనూ లేదు. దాని కింద నేల లేదు."

అందులో వారానికో కొత్త సోఫా ఫోటో వస్తుంది. తను తియ్యలేదని ఆసామే ఒప్పుకున్నాడు. కొత్త సోఫాలే. అయినా ప్రతి దాని మీదా, ఎవరో అప్పుడే లేచి వెళ్ళినట్టు, మెత్తలో ఒక గుంట ఉంటుంది.

మొన్న వచ్చిన ఫోటోలో రెండు గుంటలున్నాయి. పక్కపక్కనే. రెండోది చిన్నది.

అమ్మాయికి చూపించలేదు.